వెనకింటామె నడిచిన గడ్డి

మొన్న బోయిగూడలో ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఎదురుగా ఒక ముసలామె చెప్పులు చంకలో పెట్టుకుని, వట్టి కాళ్ళతో రోడ్డు దాటుతున్నది. నా చెయ్యి దానంతటదే కొంగు ముడి మీదికి పోయింది. చెప్పులు చంకలో పెట్టుకుని నడిచే మనిషిని నేను ఇంతకుముందు ఒక్కామెనే చూశాను. ఆమె కనపడినప్పుడల్లా నా చెయ్యి ఏదో ఒకదాన్ని గట్టిగా పట్టుకునేది. తాళంచెవులో, పాల గిన్నో, ఏమీ లేకపోతే నా కొంగే. ఆమె పోయి ఏడాది కావస్తున్నది. చెయ్యికి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఆమెది మా వెనకిల్లు. లాలాగూడలో, రైల్వే వర్క్‌షాపు గోడకు ఇవతల మా ఇల్లు రోడ్డు మీదికి ఉంటుంది. ఆమె ఇల్లు దాని వెనక, సన్న గల్లీలో. రెండిళ్ళకూ నడుమ గోడ, ఆ గోడలో రెండు రెక్కల ఇనుప తలుపు. వాళ్ళ బోరు ఎండిపోయిన ఒక ఎండాకాలంలో, మా బోరు నీళ్ళు పట్టుకుపోవడానికని మగవాళ్ళిద్దరూ కలిసి పెట్టించిన తలుపు అది. తర్వాత వాళ్ళకు నల్లా వచ్చింది. మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయారు. తలుపు మాత్రం ఉండిపోయింది. తకరారు, తగాదా అంతా దానితోనే వచ్చింది.

ఆ తలుపు నుంచి ముందు గేటు దాకా, ఇంటి పక్క పొడుగూతా మా ఆయన పెంచిన గడ్డి ఉంటుంది. ఆయన లాన్ అనేవాడు. నేను గడ్డి అంటే కోపం వచ్చేది. రోజంతా వర్క్‌షాపులో ఇనుముతో కొట్లాడి వచ్చి, చేతులు కడుక్కుని, దాని ముందర కూర్చునేవాడు. మాకు పిల్లలు లేరు. ఎవరి ముందర కూర్చుంటాడు మరి.

చలికాలం వస్తే ఆయన హుకుములు పెరిగేవి. గడ్డి పొట్టిగా కోయొద్దు. పొద్దుగూకినాక నీళ్ళు పెట్టొద్దు, తడి రాత్రంతా నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. ఎండ ఎక్కినాకే పైపు పట్టాలి. బాదం ఆకు రాలింది రాలినట్టే ఊడ్చెయ్యాలి, లేకపోతే కింద గడ్డి పాలిపోతుంది. అన్నిటికన్నా పెద్ద హుకుం, మంచు తడి మీద కాలు పెట్టొద్దని.

"సలికాలం గడ్డి పండుకుంటది. పండుకున్నదాన్ని తొక్కితే మల్ల లేవది, శివరాత్రి దాటేదాక గట్లనే పడి ఉంటది" అనేవాడు.

ఆయన బతికున్నన్నాళ్ళు చలికాలంలో ఆ గడ్డి మీద నేను కూడా కాలు పెట్టలేదు. ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలో, ఆమె పెట్టింది.

ఒకరోజు పొద్దున్నే వెనక తలుపు కిర్రుమన్నది. పాలు పొయ్యి మీదే వదిలి బయటికి వచ్చాను. నెత్తికి మంకీ క్యాపు, నేత చీర మీద చచ్చిపోయిన మొగుడి ఖాకీ స్వెటరు, చంకలో చెప్పులు. గోడ పక్క నిలబడి గడ్డిని చూస్తున్నది, కొనబోయే బర్రెను చూసినట్టు.

"ఎటు అక్కా, పొద్దుపొద్దుగాల?" అన్నాను.

"ఎటు లేదు చెల్లె. కండ్లు మసకైతున్నయ్. మంచుల వట్టి కాళ్ళతోటి నడుస్తే కండ్లకు మంచిది, అంటున్నరు. మా ఇంట్ల గడ్డి లేదాయె."

"చెప్పులు గా తలుపు కాడ ఇడువరాదు?"

నన్ను కింది నుంచి మీదికి చూసింది. "ఎవలన్న ఏస్కపోతే?"

"మా ఇంట్ల ఎవలున్నరక్కా? నేనొక్కదాన్నే గద."

"అదే అంటున్న" అన్నది.

ఆమె తీరే అది. ఏ మాట చెప్పినా చివర 'అంటున్నరు' అని తగిలించేది, రేపు ఎవరైనా అడిగితే తన మీద పడకుండా. పళ్ళు గజగజ కొట్టుకుంటూ నిలబడి కూడా "ఇయ్యాల సలి ఎక్కువున్నది, అంటున్నరు" అనేది. బిస్కెటు ఇస్తే రెండు ముక్కలు చేసి లోపల ఏమున్నదో చూసి తినేది. రెండు కప్పుల చాయ్ తెచ్చి అరుగు మీద పెడితే, నా ముందరి కప్పు తను తీసుకుని తన కప్పు నా దిక్కు జరిపేది. ఆమెకు షుగరు. చక్కెర లేని చాయ్ ఆమె కోసమే పెడితే, అది నేను తాగాల్సి వచ్చేది. ఎన్నాళ్ళని తాగుతాను? ఒకరోజు తెలివి చేసి, చక్కెర లేనిది నా ముందర పెట్టుకుని, చక్కెర వేసింది ఆమె ముందర పెట్టాను. మార్చుకుంటుంది కదా అని. ఆ రోజు మార్చుకోలేదు.

ఒక్క గుక్క తాగి, "గింత సక్కర పోసినవేందే, నన్ను సంపుతవా ఏంది?" అని నా మీద లేచింది. మిగతా కప్పు మాత్రం అడుగు దాకా తాగింది.

"మందిని నమ్మకు చెల్లె. నన్ను సుత నమ్మకు" అనేది.

"నమ్ముతలేనక్కా."

"మంచిది" అని సంతోషపడేది. ఆమె ముఖంలో సంతోషం నేను చూసింది అట్లాంటప్పుడే.

అయితే ఆమె నడకే నాకు అనుమానం పుట్టించింది. కండ్ల కోసం నడిచే మనిషి గడ్డి మీద ఎటు బుద్ధి పుడితే అటు తిరగాలి కదా. ఆమె తిరగదు. వెనక తలుపు నుంచి నిటారుగా ముందు గేటు దాకా పోతుంది, గేటును ఒక వేలితో ముట్టుకుంటుంది, అదే దారిన వెనక్కి వస్తుంది. నిన్న పెట్టిన చోటే ఇవాళా కాలు. ఒకరోజు అడిగాను.

"గడ్డిల పురుగు పుట్ర ఉంటది. నిన్న కాలు పెట్టినతాన ఏం లేకుండె గద? గందుకే ఇయ్యాల గాన్నే పెడుతున్న" అన్నది.

వినడానికి బాగానే ఉన్నది. కానీ రెండో చలికాలం నడుమకు వచ్చేసరికి గడ్డి మీద పసుపు పచ్చని గీత పడింది. తల దువ్వి పాపిట తీసినట్టు, తలుపు నుంచి గేటు దాకా ఒక్కటే గీత. మిగతా గడ్డి బూడిద రంగులో పడుకుని ఉంటే, గీత మాత్రం చచ్చిపోయి కనపడుతున్నది.

నా మరిది బొల్లారంలో ఉంటాడు. ఒక ఆదివారం వచ్చి, స్కూటరు దిగుతూనే ఆగిపోయాడు.

"ఇదేంది వదినా, దారి పడ్డది?"

"వెనకింటామె నడుస్తది. కండ్ల కోసమంట."

"కండ్ల కోసమా, జాగ కోసమా? ఆమె కొడుకు ఇల్లు కూలగొట్టి అంతస్తులు లేపుతా అని తిరుగుతుండు. గల్లీల లారీ ఏడికెల్లి వస్తది? రేపు కారు పెడ్తడు, అదేడికెల్లి వస్తది? గిట్లనే ఏండ్లకేండ్లు నడవనిచ్చినవనుకో, గిది మా దారి అని కోర్టుకు పోతరు. ఇగో, గీత సుత గీసిపెట్టిన్రు."

నా తర్వాత ఆ జాగా తన పిల్లలకే వస్తుందని మరిది లెక్క. ఆయన బాధ ఆ లెక్క కోసమే. అది నాకు తెలియదా? అయినా మాట మాత్రం నాలో దిగబడింది. ఎందుకంటే ఆమె కొడుకు అంతకుముందే ఒకసారి గేటు దగ్గర నిలబడి, "చిన్నమ్మా, గా పక్క జాగ ఉత్తగనే ఉన్నది గద" అని వంకరగా మాట్లాడిపోయాడు. ఉత్తగా ఉన్నదట. గడ్డి ఉంటే ఉత్తగా ఉన్నట్టా?

తలుపుకు గొళ్ళెం పెట్టొచ్చు కదా అంటారు. పెట్టాను. ఆమె తలుపు కొట్టలేదు, పిలవలేదు. గోడ అవతల నిలబడి దగ్గడం మొదలుపెట్టింది. ఆగకుండా దగ్గింది. గల్లీలోని కుక్క కూడా లేచి మొరిగింది. చివరికి నేనే పోయి గొళ్ళెం తీసి, "రా తల్లీ" అన్నాను.

"సలికి జెర దగ్గు లేసింది" అని లోపలికి వచ్చి, నిన్నటి అడుగులో అడుగు పెట్టింది.

గీత మీద పూలకుండీలు అడ్డం పెట్టాను. కుండీ దాకా వచ్చి, దాన్ని చుట్టేసి, మళ్ళీ గీతలోకే వచ్చింది. బాదం ఆకులు ఊడ్వకుండా వదిలేశాను. అవి ఫెళఫెళమంటుంటే, "గిప్పుడు పామొస్తే సప్పుడైతది, మంచిగ చేసినవు" అన్నది. ఇక లాభం లేదని, మా ఆయన వద్దన్న పనే చేశాను. పొద్దుగూకినాక పైపు పట్టి గడ్డి నిండా నీళ్ళు వదిలాను. పొద్దున్నే అంత చల్లని తడిలో ముసలి కాళ్ళు నిలవలేవని నా ఎత్తు. ఆమె వచ్చి, కాలు పెట్టి, కళ్ళు మూసుకుని, "అబ్బ! మంచు మస్తుగ పడ్డదియ్యాల" అని ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. నా గడ్డికి మాత్రం అక్కడక్కడా గుండ్రంగా బూజు పట్టింది.

ఇక కుండబద్దలు కొట్టేద్దామని ఒకరోజు గీత నడుమకు పోయి ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, నిజం చెప్పు. నిన్ను నీ కొడుకు పంపుతున్నడా?"

ఒక కాలు లేపి అట్లాగే ఆగిపోయింది. "ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తేంది. పంపుతున్నడా, లేదా?"

ఆమె లేపిన కాలు దించలేదు. మెడ తిప్పి తన ఇంటి మిద్దె దిక్కు చూసింది. గొంతు తగ్గించి, "నాకు సుత గదే అనుమానం" అన్నది.

నేను కొట్లాటకు తయారై వచ్చినదాన్ని, నడుము మీది చెయ్యి దించాను.

"పోయినేడు గడప దాటితె సాలు, 'ఏడికి పోతున్నవే, పడి సస్తవ్' అని ఒర్రెటోడు. ఇప్పుడు పొద్దుగాల వాడే లేపుతున్నడు. 'అమ్మా, మంచు పడ్డది, పో' అంటడు. నేనీడ నడుస్తుంటె మిద్దె మీద నిలవడి ఫోన్ల ఫోటోలు తీస్తున్నడు. ఎందుకురా అంటె, యాదికుంటదమ్మా అన్నడు." ఆగి, ముక్కు తుడుచుకుంది. "వాని పెండ్లిల సుత నన్నొక్కదాన్ని ఫోటో తీయలే, చెల్లె. గిప్పుడేం యాది?"

నేను మిద్దె దిక్కు చూశాను. తీగ మీద ఆరేసిన దుప్పటి, దాని వెనక ఎవరో కదిలినట్టే ఉన్నది.

నమ్మానా అంటే, ఆ పూట నమ్మలేదు. ఇద్దరూ కూడబలుక్కుని ఆడుతున్న ఆటేమో! కొడుకు మీద చాడీ చెప్తే నేను మెత్తబడతానని అనుకున్నదేమో! రోజంతా అదే ఆలోచన. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు తలుపు కిర్రుమన్నది. ఆమె లోపలికి వచ్చి, గీత ముందర కొంచెంసేపు నిలబడింది. తర్వాత గీత వదిలేసి పక్కకు, గడ్డిలోకి కాలు పెట్టింది. కోడి నడిచినట్టు మోకాళ్ళు ఎత్తి ఎత్తి, ప్రతి అడుగుకూ ముందర చెప్పుతో నేల మీద ఒక దెబ్బ కొట్టి, నడుమకు పోయింది, మూలకు పోయింది, అడ్డం తిరిగింది, వంకర తిరిగింది. ఆమె పోయిన చోటల్లా మంచు చెరిగి గడ్డి నల్లబడుతున్నది. నేను అరుస్తూ ఉరికాను.

"ఏందక్కా గిది? నాగలి కట్టినవా?"

"దారి లేకుంట చేస్తున్న."

"దారేమో గని, గడ్డే లేకుంట చేస్తున్నవు!"

"గడ్డి మల్ల మొలుస్తది, అంటున్నరు."

"మరి పాములు?"

ఆమె చెప్పు ఎత్తి నేల మీద ఇంకొక దెబ్బ కొట్టింది. "పాములున్నయని అనుమానమే. కొడుకు మీద ఇంక అనుమానం లేదు" అన్నది.

నేను అక్కడే నిలబడి చూశాను. మా ఆయన చూస్తే ఇద్దరినీ గేటు అవతలికి వెళ్ళగొట్టేవాడు. నేను చెప్పులు విడిచాను. గడ్డి ఎంత చల్లగా ఉన్నదంటే, కాలు పెట్టగానే నోట్లో నుంచి బూతు వచ్చింది. ఆమె ఆ మూల నుంచి, నేను ఈ మూల నుంచి, ఇద్దరం బర్రెల్లాగా తొక్కాం. గీత ఎక్కడున్నదో మాకే తెలియకుండా పోయింది. మిద్దె మీద దుప్పటి పక్కకు జరిగి, ఫోను పట్టుకున్న చెయ్యి కనపడింది.

"తియ్‌రా! ఇద్దర్ని తియ్! మంచిగ పడేటట్టు తియ్!" అని ఆమె గోడ అదిరేట్టు అరిచింది. చెయ్యి లోపలికి పోయింది. ఆమె నవ్వు వినడం నాకు అదే మొదటిసారి, దగ్గుకూ దానికీ పెద్ద తేడా లేదు.

ఆ పొద్దున కూడా చాయ్ కప్పులు మార్చుకున్నది. నేను కూడా ఆమె పోయిన తర్వాత తలుపు దగ్గరికి పోయి, గొళ్ళెం సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు లాగి చూశాను. ఎవరి జాగ్రత్త వాళ్ళది.

ఆ చలికాలం అయిపోకముందే ఆమె పోయింది. నిద్రలోనే పోయిందన్నారు. నేను గల్లీ చుట్టూ తిరిగి వాళ్ళింటికి పోయాను. మంకీ క్యాపు లేకుండా ఆమెను చూడడం అదే. నెత్తిన ఇంత జుట్టు ఉన్నదని నాకు తెలియదు. ఒక కన్ను పూర్తిగా మూతపడలేదు. చుట్టూ ఏడ్చేవాళ్ళలో ఎవరు నిజంగా ఏడుస్తున్నారో చూసుకుంటున్నట్టే ఉన్నది.

పాడె కట్టడం అయింది. కొడుకు తడిబట్టలతో బయటికి వచ్చాడు. నన్ను చూశాడు. చూసి కూడా నన్ను అడగలేదు. మోసేవాళ్ళతో, "గల్లీల పాడె తిరగది. వెనక తలుపుకెల్లి తీస్కపోదాం" అన్నాడు.

వాళ్ళ నాయన పాడె ఆ గల్లీలో నుంచే పోయింది. మూల మలుపు దగ్గర నెత్తుల మీదికి ఎత్తి తిప్పారు, నా కళ్ళతో నేను చూశాను. ఇప్పుడు తల్లి పాడె ఎందుకు తిరగదు?

నేను ఉరికినట్టే గల్లీ చుట్టి ఇంటికి వచ్చాను. వచ్చేసరికి తలుపు అవతల జనం నిండిపోయారు, డప్పులు మోగుతున్నాయి. మరిదికి ఫోను చేశాను. "తియ్యకు వదినా! పాడె పోయిన దారంటె ఊరంత సాక్ష్యం!" అని మొత్తుకున్నాడు. పరాయి వాళ్ళ శవం మన వాకిట్లో నుంచి పోనివ్వకూడదని మా అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. వద్దంటే తప్పు పట్టేవాళ్ళు కూడా ఉండకపోవచ్చు. కానీ గోడకు అవతల, నలుగురి భుజాల మీద, ఎదురుచూస్తున్నది ఆమె. దగ్గడానికి కూడా లేదు ఇప్పుడు.

గొళ్ళెం తీశాను. తలుపు ఒక్క రెక్క మందం తెరిచి, నడుమ నేను నిలబడ్డాను.

"డప్పులు ఆపున్రి" అన్నాను. ఆపారు.

"ఏంది చిన్నమ్మా, పక్కకు జరుగు" అన్నాడు కొడుకు. చేతిలోని నిప్పు కుండ నుంచి పొగ వస్తున్నది.

"అడుగు."

"ఏం అడగాలె?"

"దారి నీదైతే నన్ను జరగమనుడెందుకు? నాదైతే అడుగు. అందరు వినేటట్టు అడుగు."

అతని ముఖం నల్లబడింది. చుట్టూ చూశాడు. మోసేవాళ్ళలో ఒకాయన భుజం మార్చుకుంటూ, "అడుగరాదు బిడ్డా, బరువున్నది" అన్నాడు.

"చిన్నమ్మా, మా అమ్మను మీ జాగలకెల్లి తీస్కపోనియ్యిన్రి" అన్నాడు నేల చూస్తూ.

"ఎన్నిసార్లు?"

"ఈ ఒక్కసారి."

రెండు చేతులతో తలుపు బార్లా తెరిచి పక్కకు జరిగాను. పాడె లోపలికి వచ్చింది. వెనకాల గల్లీ గల్లీ అంతా వచ్చింది. ఎవరి కాలు ఎక్కడ పడుతున్నదో ఎవరూ చూడలేదు. పేలాలు, బంతిపూల రెక్కలు గడ్డి మీద పడుతూ పోయాయి. చంకలో చెప్పులు లేకుండా, నేల మీద అడుగు పెట్టకుండా ఆమె నా గడ్డి దాటిపోయింది. గేటు దగ్గర నేను దండం పెట్టాను. ఏడుపు వచ్చింది, కానీ కళ్ళు మూయలేదు. ఫోను తీస్తాడేమోనని కొడుకు చేతులెక్కడున్నాయో చూస్తూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా వాళ్ళు కాటి నుంచి తిరిగి వచ్చారు. నేను బయట పేడనీళ్ళ సాంపి చల్లి, గేటు దగ్గర నిలబడి ఉన్నాను. స్నానాలు చేసి తడితోనే వస్తున్నారు. ముందర కొడుకు. కాటికి పోయి వచ్చినవాళ్ళు ఇంకొకరి వాకిట్లో కాలు పెట్టరు, సీదా తమ ఇంటికి పోయి దీపం చూస్తారు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అతను తెలియనట్టే నా గేటు మీద చెయ్యి వేశాడు.

"ఏడికి?" అన్నాను.

"ఇంటికి చిన్నమ్మా. పొద్దున పోయిన దారే గద."

"పొద్దున ఆమె కోసం అడిగినవ్. ఆమెకిచ్చిన. నీకియ్యలె." గేటు లోపల నుంచి పట్టుకున్నాను. "గల్లీలకెల్లి పో బిడ్డా. దీపం కాడ నీ కోసం సూస్తున్నరు."

అతని వెనక ఉన్నవాళ్ళు అప్పటికే గల్లీ దిక్కు మళ్ళారు. అతనొక్కడే గేటు ముందర మిగిలాడు. బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొంచెంసేపు నన్ను చూశాడు, నా వెనక గడ్డిని చూశాడు, చెయ్యి తీసుకున్నాడు.

అతను మూల తిరిగేదాకా నేను గేటు వదలలేదు. తిరిగిన తర్వాత కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.